నోల్ వారసులు: ఎవరికి ఇల్లు, ఎవరికి కథ

ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, సెవెనోక్స్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న నోల్ అనే పెద్ద భవనం నాలుగు వందల ఏళ్ళకు పైగా శాక్‌విల్ వంశంతో ముడిపడి ఉంది. అందులో 365 గదులు, 52 మెట్లవరుసలు, 7 ముంగిళ్ళు ఉన్నాయని, అవి ఏడాదిలోని రోజులకూ వారాలకూ, వారంలోని రోజులకూ సరిపోతాయని ఒక ప్రతీతి. లెక్క కచ్చితమా కాదా అన్నది అటుంచితే, ఆ ప్రతీతి చెప్పదలచుకున్న మాట తెలుస్తూనే ఉంది. కాలం ఎలా తెగదో ఈ ఇల్లూ అలాగే తెగదు. తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత మనుమడు, ఒకే రక్తం, ఒకే కప్పు.

ఈ ఇంటి చుట్టూ పేరున్న పుస్తకాలు చాలానే వచ్చాయి. వీటా శాక్‌విల్-వెస్ట్ 1922లో వెలువరించిన వంశచరిత్ర ‘నోల్ అండ్ ద శాక్‌విల్స్’, వర్జీనియా వుల్ఫ్ 1928 నాటి ‘ఓర్లాండో’, వీటా 1930లో రాసిన నవల ‘ది ఎడ్వర్డియన్స్’, ఏడవ బారన్ రాబర్ట్ శాక్‌విల్-వెస్ట్ 2010లో ప్రచురించిన ‘ఇన్‌హెరిటెన్స్’ వాటిలో ముఖ్యమైనవి. వీటిలో మొదటి మూడింటిని ఒక్క ప్రశ్నతో చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇల్లు ఎవరికి దక్కిందో వారికే దాని కథ కూడా దక్కిందా? దక్కలేదని, ఇంటిని పొందలేనివారే దాని కథను నిలబెట్టారని నా వాదన. అయితే కథ చెప్పినవారు కూడా మరికొందరిని గడప బయటే నిలబెట్టారన్నది ఆ వాదనలో రెండో సగం.

తెగిన చోట్లు

ముందుగా ‘తెగని వంశం’ అన్న మాటను పరీక్షించాలి. నోల్‌ను 1456లో కొన్నది శాక్‌విల్‌లు కాదు, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ థామస్ బూర్షియే. 1538లో ఎనిమిదవ హెన్రీ దానిని అప్పటి ఆర్చ్‌బిషప్ క్రాన్మర్ చేతి నుండి తీసుకున్నాడు. ఎలిజబెత్ రాణి కాలంలో అది ఆమెకు బంధువైన థామస్ శాక్‌విల్ వైపు వచ్చింది. ఆయన ఆమె కోశాధికారిగా ఎదిగి, 1604లో డోర్సెట్ ఎర్ల్ అయ్యాడు. చివరి రోజుల్లో ఈ ఇంటిని భారీగా పునర్నిర్మించి, 1608లో రాజమండలి సమావేశంలో బల్ల దగ్గరే కన్నుమూశాడు.

ఈ మూలపురుషుడు కవి కూడా. థామస్ నార్టన్‌తో కలిసి ఆయన రాసిన ‘గోర్బొడక్’ నాటకాన్ని 1562 జనవరిలో రాణి ఎదుట ప్రదర్శించారు. అంత్యప్రాస లేని పద్యంలో వచ్చిన తొలి ఆంగ్ల విషాదనాటకంగా దానికి పేరుంది. ఇతివృత్తం మన చర్చకు బాగా దగ్గరిది. ఒక ముసలి రాజు తన రాజ్యాన్ని ఇద్దరు కొడుకులకు చెరిసగం పంచుతాడు; అన్నదమ్ములు కొట్టుకుంటారు; వంశమూ దేశమూ నాశనమవుతాయి. ఆస్తిని పంచకూడదు, ఒక్కరికే ఇవ్వాలి అన్న జ్యేష్ఠ వారసత్వ నీతికి ఇంతకంటే సూటి సమర్థన దొరకదు. నోల్‌కు పునాది వేసినవాడు, ఆ ఇల్లు ఏ నియమం మీద నడవాలో కూడా ముందే రాసిపెట్టినట్టయింది.

నియమం నడిచిన తీరు మాత్రం వేరు. మూడవ ఎర్ల్ రిచర్డ్‌కు కొడుకులు బతకలేదు. 1624లో బిరుదు తమ్ముడికి వెళ్ళింది. 1720లో వంశానికి డ్యూక్ హోదా వచ్చింది. 1815లో నాలుగవ డ్యూక్ ఇరవై ఒకటో ఏట ఐర్లండులో వేటాడుతూ గుర్రం మీది ప్రమాదంలో చనిపోయాడు. అతనికి సంతానం లేదు. డ్యూక్ బిరుదు ఒక దాయాదికి వెళ్ళి 1843లో అంతరించింది. ఇల్లు మాత్రం కాలక్రమంలో ఆ యువకుడి అక్కచెల్లెళ్ళ చేతికి వచ్చింది. వారిలో ఎలిజబెత్, వెస్ట్ కుటుంబానికి చెందిన డి లా వార్ ఎర్ల్‌ను పెళ్ళాడింది. శాక్‌విల్-వెస్ట్ అన్న జంట ఇంటిపేరు ఆ పెళ్ళి నుండి వచ్చిందే. పురుష వారసత్వానికి ప్రతీకగా చెప్పుకునే ఇంటి పేరులోని ఆ చిన్న అడ్డగీత, ఇల్లు ఒక స్త్రీ గుండా నడిచిందనడానికి సాక్ష్యం.

ఎలిజబెత్ కొడుకు మార్టిమర్ 1876లో మొదటి శాక్‌విల్ బారన్ అయ్యాడు. అక్కడి నుండి లెక్క చూడండి. మొదటి బారన్ తరువాత తమ్ముడు, 1908లో ఆ తమ్ముడి తరువాత అన్నదమ్ముల బిడ్డ, 1928లో అతని తరువాత అతని తమ్ముడు, 1962లో కొడుకు, 1965లో ఆ కొడుకు పినతండ్రి కొడుకు, 2004లో మళ్ళీ అన్నదమ్ముల బిడ్డ. ఆరు మార్పుల్లో తండ్రి నుండి కొడుక్కి వెళ్ళింది ఒక్కసారే, ఆ కొడుక్కీ పిల్లలు లేరు. ఆరవ బారన్‌కు ఐదుగురు కూతుళ్ళు ఉన్నారు. ఒక్కరికీ బిరుదు రాలేదు. తండ్రి-కొడుకుల నిలువు గీత అనుకున్నది నిజానికి పక్కలకు పాకుతూ పోయిన దారి. దాన్ని సూటిగా కనిపించేలా చేసింది కథనం మాత్రమే.

మన జమీందారీల చరిత్ర తెలిసినవారికి ఇక్కడొక సందేహం రావచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అవిభాజ్య ఎస్టేట్లు ఉండేవి. వాటి కోసం 1904లో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. కానీ అక్కడ కొడుకు లేని జమీందారుకు దత్తత అనే దారి ఉండేది. ఇంగ్లండులో 1926 వరకు చట్టబద్ధమైన దత్తతే లేదు. నేటికీ దత్తపుత్రుడికి ప్రభువుల బిరుదు రాదు. అందువల్ల కొడుకు లేనిచోట కూతురిని దాటి దాయాది దగ్గరకు వెళ్ళడం ఒక్కటే అక్కడి మార్గం. ఈ నియమం ఎంత పదునుగా కోస్తుందో నోల్‌లో నివసించిన ఇద్దరు స్త్రీల జీవితాలు చెబుతాయి.

ఆన్ క్లిఫర్డ్ పాఠం

మొదటి స్త్రీ లేడీ ఆన్ క్లిఫర్డ్. 1590లో పుట్టింది, ఉత్తర ఇంగ్లండులో పెద్ద ఎస్టేట్లు గల కంబర్లండ్ ఎర్ల్‌కు బతికి ఉన్న ఏకైక సంతానం. 1605లో తండ్రి చనిపోతూ భూములన్నీ తన తమ్ముడికి రాసి, కూతురికి 15,000 పౌండ్లు ఇమ్మన్నాడు. ఆ భూములు రెండవ ఎడ్వర్డ్ కాలపు దస్తావేజుల ప్రకారం ఆడా మగా భేదం లేకుండా ప్రత్యక్ష సంతానానికే చెందాలని ఆన్, ఆమె తల్లి వాదించారు. 1609లో ఆమె రిచర్డ్ శాక్‌విల్‌ను పెళ్ళాడి నోల్‌కు వచ్చింది. అప్పుల్లో మునిగిన భర్తకు భూములకంటే రొక్కం ముఖ్యం. రాజీపడమని ఆమెను అడిగాడు, బెదిరించాడు, 1616లో రెండేళ్ళు కూడా నిండని కూతురిని తల్లి నుండి వేరుచేసి పంపించాడు. 1617లో జేమ్స్ రాజు స్వయంగా తన తీర్పుకు కట్టుబడమన్నప్పుడు కూడా ఆమె ఒప్పుకోలేదు. తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది; డబ్బు భర్తకు ముట్టింది. చివరకు 1643లో, పినతండ్రి కొడుకు మగ సంతానం లేకుండా చనిపోయాకనే భూములు ఆమెవయ్యాయి. అప్పటికి ఆమె ఏభయ్యేళ్ళు దాటింది.

నోల్‌లో ఉన్న ఆ చేదు సంవత్సరాల దినచర్యను ఆన్ రాసుకుంది. దాని ప్రతి ఒకటి ఆ ఇంట్లోనే మిగిలింది. దాన్ని పరిష్కరించి 1923లో అచ్చువేయించింది వీటా శాక్‌విల్-వెస్ట్. వంశచరిత్ర వచ్చిన మరుసటి ఏడే ఈ పని చేయడం యాదృచ్ఛికం అనిపించదు. తన ఇంట్లో తనకంటే మూడు వందల ఏళ్ళ ముందు, ఆడపిల్ల అయినందువల్ల ఆస్తి పోగొట్టుకున్న స్త్రీని వీటా చేరదీసింది. రక్తసంబంధం లేని పూర్వికురాలిని ఎంచుకోవడమూ వారసత్వంలో ఒక పద్ధతే.

అయినా రెండు జీవితాలకూ ఒక తేడా ఉంది. ఆన్ నియమాన్ని దస్తావేజులతో ఎదిరించింది. వీటా నియమాన్ని ఎదిరించలేదు, ప్రేమించిన ఇంటి కోసం దుఃఖించింది. ఆన్ విషయంలోనూ ఒక మెలిక మరవరాదు. ఆమె కోరినది స్త్రీలందరికీ హక్కు కాదు, పాత దస్తావేజు తనకిచ్చిన హక్కు. ఆమెకూ రిచర్డ్‌కూ మిగిలింది కూతుళ్ళే కాబట్టి నోల్ వారికి రాలేదు.

వీటా వంశచరిత్ర

వీటా 1892లో నోల్‌లోనే పుట్టింది. తల్లిదండ్రులకు ఒక్కతే సంతానం. ఆమె తల్లి విక్టోరియా, రెండవ బారన్‌కు పెపితా అనే స్పానిష్ నర్తకి వల్ల కలిగిన కూతురు. వారికి పెళ్ళి కాలేదు. విక్టోరియా తన తండ్రి అన్నదమ్ముల బిడ్డనే పెళ్ళాడింది. అతనే మూడవ బారన్. 1908లో రెండవ బారన్ చనిపోగానే విక్టోరియా తోబుట్టువు హెన్రీ, తన తల్లిదండ్రులకు నిజంగా పెళ్ళి జరిగిందనీ, కాబట్టి నోల్ తనదేననీ దావా వేశాడు. 1910 ఫిబ్రవరిలో అది వీగిపోయింది. ఈ వ్యాజ్యంలోని వైపరీత్యం గమనించాలి. విక్టోరియాకు నోల్ నిలవాలంటే తాను అక్రమ సంతానమని కోర్టులో రుజువు కావాలి. సక్రమ సంతానమైతే తమ్ముడు యజమాని అవుతాడు. అక్రమ సంతానమైతే భర్త యజమాని అవుతాడు. స్త్రీ గౌరవమూ ఆమె ఇల్లూ ఒకదానికొకటి శత్రువులయ్యే ఏర్పాటు అది. కేసు గెలిచి కుటుంబం తిరిగి వచ్చిన రోజు సెవెనోక్స్ జనం గుర్రాలను విప్పేసి బండిని తామే లాగారు. పదిహేడేళ్ళ వీటా ఆ బండిలో ఉంది. అంత ఘనంగా నిలబెట్టుకున్న ఇల్లు తనకు రాదని ఆమెకు అప్పటికే తెలుసు.

ఈ నేపథ్యంతో ‘నోల్ అండ్ ద శాక్‌విల్స్’ చదివితే దాని బలమూ బలహీనతా ఒకేసారి కనబడతాయి. పుస్తకాన్ని రాజుల పాలనా కాలాల వారీగా, ఒక్కో కాలానికి ఇంటి యజమాని చొప్పున అమర్చింది. అంటే తనను వెలివేసిన పట్టికే ఆమె విషయసూచిక అయింది. కానీ అధ్యాయాల లోపల ఆమె చూపు యజమానుల మీదకంటే ఎక్కువగా వస్తువుల మీద నిలుస్తుంది. వెండి సామాను, మంచాల పరదాలు, రంగు వెలిసిన కుర్చీలు, పాత పద్దులు. ఇంటిని ఏలబోయేవాడు ఇంత శ్రద్ధగా చూడనవసరం లేదు, అతనికి తీరిక ఉంది. వదిలి వెళ్ళవలసినవారు చూసే చూపు ఇది. పుస్తకానికి ప్రాణం పోసేది ఆ చూపే. లోపం ఎక్కడంటే, ఇంత తెలిసిన రచయిత్రి ఈ క్రమం ఎందుకు ఇలా ఉండాలి అని అడగకపోవడంలో.

ఓర్లాండో ఇచ్చినదేమిటి

వీటా తండ్రి 1928 జనవరిలో మరణించాడు. నోల్ ఆయన తమ్ముడు చార్లెస్‌కు వెళ్ళింది. 1925 నాటి చట్టం వీలునామా లేని ఆస్తుల విషయంలో పెద్దకొడుకు ప్రత్యేక హక్కును అప్పటికే రద్దు చేసింది. కానీ బిరుదుతో పాటే నడవాలని ముందే ఒప్పందాలతో కట్టిపడేసిన ఎస్టేటును అది తాకలేదు. ఆ ఏడు అక్టోబరు 11న, వీటాకు అంకితంగా, ఆమె ఫొటోలతోనూ నోల్ చిత్రపటాలతోనూ ‘ఓర్లాండో’ వెలువడింది. నోల్ పోగొట్టుకున్న స్నేహితురాలికి వుల్ఫ్ ఇచ్చిన ఓదార్పుగా దీన్ని చెప్పడం పరిపాటి. తేదీలు ఆ మాటను కొంత సవరిస్తాయి. వుల్ఫ్ ఈ పుస్తకం మొదలుపెట్టింది 1927 అక్టోబరులో, వీటా తండ్రి బతికి ఉండగానే. కాబట్టి మరణానంతర సానుభూతి దీనికి మూలం కాదు. రాబోయే నష్టాన్ని ముందే ఎరిగి, ఆ నష్టానికి కారణమైన నియమాన్ని పరిశీలించడం మూలం.

ఆ పరిశీలన హాస్యం ద్వారా సాగుతుంది. ఎలిజబెత్ కాలపు కుర్రవాడు ఓర్లాండో, కాన్‌స్టాంటినోపుల్‌లో రాయబారిగా ఉండి, ఏడు రోజుల నిద్ర నుండి స్త్రీగా లేస్తాడు. మనిషి అదే, జ్ఞాపకాలు అవే, ఇల్లు అదే. ఇంటికి తిరిగి వస్తే వ్యాజ్యాలు ఎదురవుతాయి. ఆమె చనిపోయిందని ఒక అభియోగం; స్త్రీ అని మరొకటి; రెండింటి ఫలితమూ ఒకటే, ఆస్తి ఉండరాదు. పెపితా అనే నర్తకిని పెళ్ళాడి కొడుకులను కన్నదని మూడవది. 1910 నాటి కుటుంబ వ్యాజ్యాన్ని వుల్ఫ్ పేరు కూడా పెద్దగా మార్చకుండా ఇక్కడికి తెచ్చింది. కోర్టులో మంచిచెడ్డలు తేల్చిన వ్యవహారం నవలలో ఎలా ఉందో అలా, అంటే హాస్యాస్పదంగా కనబడుతుంది. వారసుడు మారలేదు, దేహం ఒక్కటే మారింది, అంతమాత్రాన హక్కు ఎలా పోతుంది? వీటా అడగని ప్రశ్నను వుల్ఫ్ ఇలా అడిగింది.

అయితే ఓర్లాండో గెలిచినప్పుడు ఏమవుతుందో తగినంతగా ఎవరూ పట్టించుకోరు. నూరేళ్ళకు పైబడి సాగిన దావా విక్టోరియా రాణి కాలంలో తేలుతుంది. ఓర్లాండో స్త్రీ అని చట్టం నిర్ధారిస్తుంది, ఎస్టేటు తిరిగి ఇస్తుంది, కానీ ఆమె మగ సంతానానికి చెందేటట్టుగా. ఖర్చులకు ఆస్తి కరిగిపోతుంది. తరువాత ఆమె కొడుకునే కంటుంది. వుల్ఫ్ తన ఊహలో కాలాన్నీ దేహాన్నీ మార్చగలిగింది గానీ, ఆంగ్ల ఆస్తి చట్టాన్ని మాత్రం ఉన్నట్టే వదిలింది. ఇది రచయిత్రి అశక్తత అని నేననుకోను. అద్భుతాలు జరిగే కథలో సైతం మారని వస్తువు ఒక్కటి ఉంటే, ఆ కథ వేలు చూపేది దానివైపే. పుస్తకం చివర ఆ ఇల్లు తన చేయి దాటి చరిత్ర చేతికి పోయిందని ఓర్లాండో గ్రహిస్తుంది. పద్దెనిమిదేళ్ళ తరువాత, 1946లో, నోల్ నిజంగానే నేషనల్ ట్రస్టు పరమైంది. కుటుంబం కౌలుదారుగా కొన్ని గదుల్లో మిగిలింది.

గడప బయట మిగిలినవారు

‘ది ఎడ్వర్డియన్స్’లో వీటా నోల్‌కు షెవ్రన్ అని పేరుపెట్టి, దానిని సెబాస్టియన్ అనే యువ డ్యూక్ చేతిలో ఉంచింది. ఇల్లు దక్కినవాడికి అది బరువు కాగలదని ఈ నవల చెబుతుంది. అందులో ఒక సన్నివేశం మొత్తం పుస్తకం కంటే ఎక్కువ చెబుతుంది. ఎస్టేటు వడ్రంగి వికెండెన్ కొడుకు, తండ్రి పని చేయనని, మోటారు కార్ల వ్యాపారంలోకి పోతానని అంటాడు. ముసలి వడ్రంగి డ్యూక్ ముందు కన్నీళ్ళు పెట్టుకుంటాడు. పైన ప్రభువు బిరుదు తరతరాలుగా దిగివచ్చినట్టే, కింద ఉలి, రంపం దిగివచ్చాయి. ఒకటి సంపద, మరొకటి చాకిరీ. ఆ ఏర్పాటుకు రెండూ స్తంభాలే. వీటా ఈ సంగతిని చూసింది. కానీ ఆమె సానుభూతి ఏడుస్తున్న తండ్రికి, డ్యూక్‌కు దక్కినంతగా వెళ్ళిపోతున్న కొడుకుకు దక్కలేదు. అతనికి అది విడుదల కావచ్చునన్న ఆలోచన నవలలో బలంగా నిలవదు.

ఇంతకంటే లోతైన మౌనం మరొకటి ఉంది. 1613 నుండి 1624 వరకు నోల్‌లో ఎవరెవరు ఎక్కడ కూర్చొని భోజనం చేసేవారో తెలిపే పట్టిక ఒకటి మిగిలింది. వీటా దానిని తన వంశచరిత్రలో అచ్చువేసింది. ఎర్ల్ బల్ల దగ్గరి నుండి చాకలివారి బల్ల, వంటింటి బల్ల వరకు పేర్లున్నాయి. వాటిలో గ్రేస్ రాబిన్సన్, జాన్ మొరాకో అనే ఇద్దరి పేర్ల పక్కన వారు నల్లజాతివారని రాసి ఉంది. ఎక్కడి నుండి వచ్చారు, ఎలా వచ్చారు అన్నది పట్టిక చెప్పదు. వుల్ఫ్ ఆ పట్టికను చదివింది. అందులోని పనివారి పేర్లను ఓర్లాండో ఇంట్లోకి తీసుకుంది. గ్రేస్ రాబిన్సన్‌కు నవలలో దక్కింది ఒక వాక్యం, అదీ ఆమెకు మాట లేకుండా, పళ్ళు కనబడే నవ్వుతో. స్త్రీకి ఇల్లు దక్కనీయని చట్టాన్ని చీల్చి చెండాడిన హాస్యం, ఇంకొక స్త్రీ ముందుకు రాగానే పాత అలవాటులోకి జారింది. ఈ వాక్యాన్ని దాటవేసి ‘ఓర్లాండో’ను విమోచన గ్రంథంగా మెచ్చుకోవడం సగం చదువే అవుతుంది.

‘ఓర్లాండో’ వెలువడిన ఆ నెలలోనే వుల్ఫ్ కేంబ్రిడ్జి మహిళా కళాశాలల్లో రెండు ఉపన్యాసాలు ఇచ్చింది. అవి 1929లో ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’గా రూపొందాయి. 365 గదుల ఇల్లు పోయిన కథ రాసిన చేత్తోనే, స్త్రీకి ఒక్క గదీ ఏడాదికి 500 పౌండ్లూ కావాలని ఆమె అడిగింది. ఆ డబ్బు కథకురాలికి ఎలా వచ్చిందో గమనించదగ్గది. కొడుకుల వరుసలో రాలేదు. ఒక మేనత్త వీలునామా ద్వారా వచ్చింది. స్త్రీ నుండి స్త్రీకి. నోల్ నియమానికి ఇది పూర్తి ప్రతిపక్షం. ఆ మేనత్త చనిపోయింది మాత్రం బొంబాయిలో, గుర్రం మీద నుండి పడి. వుల్ఫ్ ఆ ఊరి పేరును యథాలాపంగా అనేసి ముందుకు సాగుతుంది. భారతీయ పాఠకులు అంత తేలికగా సాగలేరు. 500 పౌండ్ల వెనుక బొంబాయి ఎందుకుందో పుస్తకం అడగదు, నోల్ పట్టికలో గ్రేస్ రాబిన్సన్ ఎందుకుందో అడగనట్టే.

ఇంగ్లండులో రాజ్యసింహాసనం విషయంలో 2013 నాటి చట్టం ఆడా మగా తేడాను తొలగించింది. ప్రభువుల బిరుదులు చాలావరకు ఇంకా పాత దారిలోనే నడుస్తున్నాయి. నోల్‌కు ఇప్పుడు ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. గోడల మీద ఎర్ల్‌ల, డ్యూక్‌ల పటాలు వరసగా ఉంటాయి. ఆ వరసను చదవడం మనకు నేర్పింది వారిలో ఎవరూ కాదు. హక్కు కోసం రాజు ముందు తలవంచని ఒక కోడలు, ఇల్లు రాదని తెలిసి ఇంటిని రాసిన ఒక కూతురు, ఆ కూతురి స్నేహితురాలు. వారి పుస్తకాలు మనకు దక్కిన వారసత్వం. చాకలివారి బల్ల దగ్గర కూర్చున్న ఆమె కథ మాత్రం ఇంకా ఒక పేరు దగ్గరే ఆగి ఉంది.